ఇరవైకి ఒక పేజీ తక్కువ

హాల్వర్
1994 జనవరి 16

అక్కా,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన లెఫ్సా రొట్టెలు నిన్నటితో అయిపోయాయి. చివరిది వెన్న, పంచదార రాసుకుని వంటగదిలో నిలబడే తినేశాను. ఇక్కడ చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది. నీ చెవి ఎలా ఉంది? ఫోన్ చేస్తే సగం విని, మిగతా సగం నువ్వే కల్పించుకుంటున్నావు. మనకి ఉత్తరాలే మేలు.

ఇప్పుడు నా గోడు విను. ఇరవై ఆరేళ్ళుగా ఈ యూనివర్సిటీలో వంతెనల తనిఖీ పాఠం చెప్తున్నాను. ఎవరూ నా జోలికి రాలేదు. ఈ సెమిస్టరులో నా కోర్సు నంబరు పక్కన డబ్ల్యూ అనే అక్షరం తగిలించారు. అంటే ఇకనుంచి ఇది రాత కోర్సు. ఏ చదువు చదివేవాడైనా సరే, ఇంజనీరైనా, నర్సైనా, పశువుల డాక్టరైనా, డిగ్రీ చేతికి రావాలంటే ఇలాంటివి రెండు పూర్తి చెయ్యాలట. ఒక్కో పిల్లవాడూ ఇరవై పేజీలు రాయాలి. ముందు చిత్తుప్రతి, దాని మీద నా వ్యాఖ్యలు, మళ్ళీ రాత. చిత్తులు లెక్కలోకి రావు, తిరగరాసిన శుభ్రప్రతులే లెక్క. లెక్కలన్నీ సరిగ్గా చేసినా రాత తప్పితే కోర్సు తప్పినట్టే.

"నేను కాంక్రీటు మాస్టారిని, కామాల మాస్టారిని కాను" అన్నాను మా డిపార్టుమెంటు హెడ్‌తో. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "రెండు రోజులు శిక్షణ ఉంది, వెళ్ళు" అన్నాడు.

వెళ్ళాను. ఇంగ్లీషు డిపార్టుమెంటు నుంచి ఎలోయిస్ ప్రూట్ అని ఒకావిడ. ఈ రాత కోర్సుల కమిటీకి ఆవిడే పెద్ద. ఆవిడ షరతు ఏమిటంటే, పిల్లలకి ఏ పని ఇస్తామో అది ముందు మనమే రాసి చూడాలి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో బల్ల ముందు కూర్చుని ఒక కల్వర్టు మీద రెండు పేజీల నివేదిక రాశాను. దీంతో పంపుతున్నాను. నువ్వు ముప్పై నాలుగేళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్దావు కదా, బాగుందని ఒక ముక్క రాసి పంపు. ఆవిడకి చూపిస్తాను.

నీ తమ్ముడు
నోరిస్

*

పోర్ట్ ఎన్స్‌లీ
జనవరి 22

ఒరేయ్ నోరిస్,

బాగుందని రాయమన్నావు. నేను అబద్ధాలాడి ఎరగను.

నీ మొదటి వాక్యంలో నలభై ఆరు మాటలున్నాయి, మచ్చుకి ఒక్క మనిషి లేడు. "పగుళ్ళు ఏర్పడియున్నట్లుగా గమనించబడినది" అని రాశావు. ఎవరు గమనించార్రా? దెయ్యమా? నువ్వే కదా బూట్లు తడుపుకుని ఆ గొట్టంలోకి దూరింది! రెండు పేజీలూ చదివి, కాఫీ పెట్టుకుని మళ్ళీ చదివాను. ఆ కల్వర్టు ఉంటుందో ఊడుతుందో నాకింతవరకూ తెలియలేదు. తెలియాల్సింది అదొక్కటే కదా?

ఎర్ర పెన్ను సగం ఖాళీ అయింది. కాగితాలు జతచేశాను. చూసి అలగకు. ఆ ప్రూట్ ఎవరో గానీ మంచి తెలివైన మనిషి, పిల్లల మీద పడకముందే మీ రోగం మీకు చూపించింది.

చెవి అలాగే ఉంది. చర్చిలో పాస్టర్ చెప్పేది వినపడ్డం లేదు. ఆ బాధేమీ పెద్దగా లేదు.

అక్క

*

హాల్వర్
ఫిబ్రవరి 13

అక్కా,

అలిగాను. మూడు రోజులు అలిగి, నాలుగో రోజు నువ్వు దిద్దిన కాగితాలు క్లాసులో గోడకి అంటించాను. పిల్లలు పద్దెనిమిది మంది. ఎర్ర సిరా చూసి పగలబడి నవ్వారు. "సార్, మీకెన్ని మార్కులొచ్చాయి?" అని ఒకడు. "మా అక్క ఇంకా లెక్కపెడుతోంది" అన్నాను. ఆ రోజు నుంచి క్లాసులో భయం పోయింది, ఎంత చెత్త చిత్తు అయినా సిగ్గుపడకుండా తెచ్చి చూపిస్తున్నారు. నీకు థాంక్స్ చెప్పక తప్పదు.

ఒక్కరికి తప్ప అందరికీ భయం పోయింది. ట్వైలా బ్రాంట్ అని, ఇరవై మూడేళ్ళ పిల్ల. తెల్లారకముందే వాళ్ళ బాబాయి డెయిరీలో అరవై ఆవుల పాలు పితికి, తొమ్మిదింటికి క్లాసుకొస్తుంది. లెక్కల్లో నేను చూసిన పిల్లలందరిలోకీ చురుకు. జూన్ నుంచి కౌంటీ రోడ్ల ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది, డిగ్రీ చేతికొస్తేనే. డిగ్రీకి మిగిలింది ఈ రెండో డబ్ల్యూ ఒక్కటే. పోయినేడు చరిత్ర డిపార్టుమెంటులో ఇలాంటి కోర్సే తీసుకుని తప్పింది.

మూడు పేజీలు రాయమంటే ఆ పిల్ల నాలుగు లైన్లు తెచ్చింది. "గోడ పడమటి వైపుకి ఒరిగింది. రెండు అంగుళాలు. కింద మట్టి కొట్టుకుపోతోంది. వర్షాకాలం లోపు ఆపాలి." అంతే!

"మిగతాదేదమ్మా?" అన్నాను.

"అంతే సార్. ఇంకేముంది?" అని తల దించుకుంది. "లెక్కలెన్నైనా ఇవ్వండి, చేసేస్తా. రాయమంటే మాత్రం నా చెయ్యి కదలదు. కావాలని కాదు సార్."

జాలేసింది అక్కా. ఆ చేతులు చలికి పగిలి ఉన్నాయి. ఎలాగో ఇరవై పేజీలు నింపించి, చూసీ చూడనట్టు పాస్ చేసేద్దామనుకుంటున్నాను. ఏమంటావు?

నోరిస్

*

పోర్ట్ ఎన్స్‌లీ
ఫిబ్రవరి 19

నోరిస్,

జాలి పడ్డావంటే నీ చెవి మెలిపెడతాను. బస్సెక్కి వచ్చి మరీ మెలిపెడతాను.

ఆ నాలుగు లైన్లు చదివాను. ఏం ఒరిగిందో, ఎంత ఒరిగిందో, ఎందుకో, ఎప్పటిలోగా ఏం చెయ్యాలో అన్నీ ఉన్నాయి. నీ రెండు పేజీల్లో వీటిలో ఒక్కటీ లేదు. ఆ పిల్లకి రాయడం రాక కాదు, ఎవరికి చెప్తోందో తెలియక. నీకు చెప్పాలంటే నీకన్నీ ముందే తెలుసాయె! తెలిసినవాడికి మూడు పేజీలు ఏం చెప్తుంది పాపం?

పొడుగ్గా రాయమనకు. "ఈ సంగతి ఎవరికి తెలియాలి?" అని అడుగు. మా పత్రికలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను నేర్పింది ఇదొక్కటే.

అక్క

*

హాల్వర్
మార్చి 20

అక్కా,

మంచు కరుగుతోంది. ఊరి రోడ్లన్నీ బురద. ఈ నెల మొదటి శనివారం పిల్లల్ని హెరన్ వాగు వంతెన దగ్గరికి తీసుకెళ్ళాను. కర్ర స్తంభాల మీద నిలబెట్టిన పాత వంతెన, ఆ చుట్టుపక్కల పల్లెల పాలన చూసే టౌన్‌షిప్ వాళ్ళది. అందరూ గట్టు మీద నిలబడి నోట్సు రాసుకుంటుంటే ట్వైలా రబ్బరు బూట్లతో నీళ్ళలోకి దిగి, ఒక్కో స్తంభాన్నీ సుత్తితో కొట్టుకుంటూ పోయింది. మొదటి మూడూ ఠంగుమన్నాయి. నాలుగోది డొల్లగా మోగింది. సుత్తి ఆపి నా వైపు చూసింది. దబ్బనం తీసి నీటి అంచు దగ్గర గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. ఏడు స్తంభాల్లో మూడు అలాగే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే పైన ధాన్యం లారీ ఒకటి దాటింది. మామూలు రోజుల్లో స్కూలు బస్సు కూడా పొద్దునా సాయంత్రం దాని మీదే పోతుంది.

వెనక్కొచ్చేటప్పుడు వ్యానులో నువ్వు చెప్పిన ప్రశ్న అడిగాను. "ఈ సంగతి ఎవరికి తెలియాలి ట్వైలా?"

"టౌన్‌షిప్ బోర్డుకి. ముగ్గురూ రైతులే సార్. వాళ్ళకి ఈ ఇంజనీరింగు మాటలు అర్థం కావు. గొడ్డు జబ్బు చేస్తే ఎలా చెప్తామో అలా చెప్పాలి."

"మరి అలాగే రాయి."

రాసింది అక్కా! పన్నెండు రోజుల్లో పద్దెనిమిది పేజీలు రాసి తెచ్చింది. వంకర టింకరగా ఉంది, చెప్పిందే మూడుసార్లు చెప్పింది, అయినా ప్రతి పేజీలోనూ ఒక మనిషి నిలబడి మాట్లాడుతున్నాడు. చదువుతుంటే నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

సిగ్గెందుకో చెప్తాను. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. డెబ్బై ఐదులో మీ కౌంటీలో కెండ్రిక్ రోడ్డు వంతెన కూలి పాల ట్యాంకరు వాగులో పడింది, గుర్తుందా? డ్రైవరు నడుం విరిగి ఏడాది మంచం పట్టాడు. దానికి ఎనిమిది నెలల ముందు ఆ వంతెన తనిఖీ చేసింది నేనే. నలభై ఒక్క పేజీల నివేదిక ఇచ్చాను. ప్రమాదం సంగతి అందులో ఉంది, ఇరవై తొమ్మిదో పేజీలో. "తగు పరిశీలన అవసరం కావచ్చునని భావించబడుచున్నది" అని. ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేను రాశాను కదా, నా తప్పేముంది అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను. నువ్వు ఆ కల్వర్టు కాగితాలు దిద్ది పంపిన రోజున ఆ మాటే గుర్తొచ్చింది. అలిగింది నీ మీద కాదు.

నోరిస్

*

పోర్ట్ ఎన్స్‌లీ
మార్చి 27

నోరిస్,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ఆ నివేదిక మా పత్రికకి కూడా వచ్చింది. కౌంటీ క్లర్కు ఒక కాపీ పంపాడు. నా తమ్ముడి పేరు చూసి ముచ్చటపడి తెరిచాను. మూడో పేజీ దాకా చదివాను. తల తిరిగింది. మూసి డ్రాయరులో పెట్టి, ఆ జాగాలో చర్చి వాళ్ళ చేపల విందు ప్రకటన వేయించాను. ట్యాంకరు పడ్డాక తీసి చదివాను. ఇరవై తొమ్మిదో పేజీ నాకూ తెలుసు. నువ్వు బాధపడతావని నోరు మెదపలేదు. నా గురించి నేను బాధపడటం ఇష్టం లేక అన్నది అసలు నిజం. అర్థం కాలేదని నీకు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే నువ్వు విడమరిచి చెప్పేవాడివి. నేను రాయలేదు. తప్పు నీ ఒక్కడిదే అనుకోకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఉన్న వంతెన సంగతి చూడు. ఆ పిల్ల చెప్పిందే మూడుసార్లు చెప్పిందన్నావు. రెండుసార్లు కొట్టేయించు. బోర్డులో రైతులు విత్తనాలు వేసే రోజులివి, పద్దెనిమిది పేజీలు ఎవడు చదువుతాడు?

అక్క

*

హాల్వర్
ఏప్రిల్ 24

అక్కా,

నేను తీసిన గోతిలో నేనే పడ్డాను. పడితే పడ్డాను, ఆ పిల్లని కూడా లాగాను.

నీ మాట విని ట్వైలా, నేను కూర్చుని ఆ పద్దెనిమిది పేజీలూ కోశాం. మూడు వారాలు, నాలుగు చిత్తులు. ఒక్కో వాక్యం తీసేటప్పుడూ "ఇది లేకపోతే ఎవరికైనా నష్టమా?" అని ఆ పిల్లే అడిగేది. చివరికి ఏడు పేజీలు మిగిలాయి. నేను చదివిన తనిఖీ నివేదికల్లో ఇంతకంటే మంచిది లేదు. మొదటి వాక్యం ఇది: "హెరన్ వాగు వంతెన ఇప్పుడు మూడు టన్నులకి మించి మోయలేదు, స్కూలు బస్సు ఖాళీగా ఉన్నా తొమ్మిది టన్నులు." బోర్డు వాళ్ళకి పంపేశాం కూడా.

నిన్న కమిటీకి పంపాల్సిన ఫారం నింపుతూ పేజీలు లెక్కపెట్టాను. ఆ ఒరిగిన గోడ మీద తర్వాత తిరగరాసినవి నాలుగు, ఇవి ఏడు. మొత్తం పదకొండు. ఇరవై ఉండాలి! ఇరవై ఆరేళ్ళుగా అంగుళంలో పదోవంతు తేడా వస్తే పిల్లల్ని తిట్టేవాణ్ణి, ఈ లెక్క మర్చిపోయాను. కోసేటప్పుడు ఎంత ఉత్సాహమొచ్చిందంటే రూలే గుర్తులేదు. మొదటి పద్దెనిమిదీ అలాగే ఉంచి ఉంటే ఇరవై రెండుతో హాయిగా గట్టెక్కేది.

ట్వైలాకి చెప్తే ముఖం పాలిపోయింది. "తీసేసినవి మళ్ళీ అతికించమంటారా సార్?" అంది. "అవి అబద్ధాలు కావు. అనవసరం, అంతే."

గడువు మే ఆరు, సాయంత్రం ఐదు. పాత చిత్తునే శుభ్రంగా టైపు చేయించి పెడితే ఎవరూ కనిపెట్టలేరు. తప్పు నాది, శిక్ష ఆ పిల్లకి. ఉద్యోగం పోతుంది. చెప్పు అక్కా, పెట్టెయ్యనా?

నోరిస్

*

పోర్ట్ ఎన్స్‌లీ
ఏప్రిల్ 27

నోరిస్,

వద్దు.

మూడు వారాలు కూర్చోబెట్టి మంచి రాతంటే ఏమిటో నేర్పి, ఇప్పుడు చెడ్డదే గెలుస్తుందని చూపిస్తావా? ఇంతకంటే నువ్వు నేర్పకపోయినా బావుండేది.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఏం చెయ్యాలో ఆ పిల్లనే అడుగు. నీకంటే నాకంటే దానికే బుర్ర ఉందని నాకనిపిస్తోంది.

ఈ ఉత్తరం తొందరగా చేరాలని పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్తున్నాను.

అక్క

*

హాల్వర్
మే 8

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికే ఆ పిల్ల దారి కనిపెట్టేసింది.

నేను నీకు రాసిన మర్నాడే, సోమవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి, "సార్, బోర్డుకి చెప్పాం. దాటేవాళ్ళకి చెప్పలేదు కదా" అంది. వంతెన మీద పనిమీద పోయేవాళ్ళు తొమ్మిదిమందట. బస్సు డ్రైవరు, పాల ట్యాంకరాయన, ధాన్యం లారీల వాళ్ళిద్దరు, పోస్టావిడ, అవతలి గట్టున ముగ్గురు పిల్లల తల్లి, ఊరి ఫైరింజను నడిపే మనిషి, గ్యాసు బండి వాడు, చెత్త బండి వాడు. తొమ్మిదిమందికి తొమ్మిది ఉత్తరాలు, ఒక్కోటి ఒక్కో పేజీ. ఏ రెండూ ఒకలా లేవు. పోస్టావిడకి రాసిన దాంట్లో మొదటి మాటే, "మీ కారుకి ప్రమాదం లేదు, మీరు వెళ్ళొచ్చు." ఫైరింజను మనిషికి రాసిన దాంట్లో అసలు వంతెన గురించి రెండే లైన్లు, మిగతాదంతా చుట్టుదారిలో ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందో, మధ్యలో నీళ్ళెక్కడ దొరుకుతాయో.

ప్రతి ఉత్తరం కిందా నాలుగు గీతలు గీసి, "మీకేం అర్థమైందో ఇక్కడ రాయండి" అని వదిలింది. చిత్తు రాసి, నేను చూసి, తానే ఇంటింటికీ పట్టుకెళ్ళి, వాళ్ళు రాసింది చదివి, తిరగరాసింది. అర్థం కాకపోతే తప్పు చదివేవాడిది కాదు, రాసేవాడిది అని ఈ పిల్లకి ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు. నాకే తెలియదు.

పదకొండూ తొమ్మిదీ ఇరవై. శుక్రవారం మధ్యాహ్నం ఫోల్డరు పట్టుకొచ్చింది. లెక్కపెట్టాను. పంతొమ్మిది.

"ఒకటేదమ్మా?"

"చించేశాను సార్."

తలుపు వేసి చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో ఒకాయన కాగితం అందుకుని, చాలాసేపు చూసి, "కళ్ళజోడు సరిగ్గా లేదమ్మాయ్, రేపు చూస్తాలే" అన్నాడట. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ట్వైలాకి అర్థమైపోయింది. కాగితం మెల్లిగా వెనక్కి తీసుకుని, "అయ్యో, ఇది చదివితే ఏం తెలుస్తుందండీ, వచ్చి చూద్దురు గాని రండి" అని వాగు దగ్గరికి తీసుకెళ్ళి సుత్తి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన ఏడు స్తంభాలూ కొట్టి చూశాడట. సుత్తి తిరిగిచ్చి ఇంటికెళ్ళిపోయాడట.

"మరొక కాపీ తీసి పెట్టు, ఫ్లాపీలో ఉంటుంది కదా" అన్నాను.

"కింద గీతలు ఖాళీగా ఉంటాయి సార్. ఎందుకు ఖాళీ అని అడుగుతారు. నేనే నింపితే దొంగరాత."

"పోనీ, జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాయి. అదే నీ ఇరవయ్యో పేజీ."

"ఆయన సంగతి కాగితం మీదకి ఎక్కదు సార్." ఆ పిల్ల ఫోల్డరు మూసింది. "అరవై ఏళ్ళు దాచుకున్నాడు. నా డిగ్రీ కోసం బయటపెట్టమంటారా?"

"పేరు లేకుండా..."

"తొమ్మిదిమందే కదా సార్. ఎనిమిది ఉత్తరాలు ఫోల్డర్లో ఉన్నాయి. లేనిదెవరిదో చిన్నపిల్లలు కూడా చెప్తారు."

ఆ మాట నాకు తట్టనే లేదు. ఆ ఎనిమిదీ ఫోల్డర్లోంచి తీసి, పేర్లు, పనులు కనిపించకుండా నల్లకాగితం అంటించి పెట్టాం. అక్కా, నీకు కూడా ఆయనెవరో చెప్పను, అడగకు. పదో మనిషికి ఒకటి రాయమనడానికి ఆ దారిన పోయే పదో మనిషి లేడు. ఉన్నా చిత్తు, వ్యాఖ్య, తిరగరాత అయ్యేసరికి ఐదు దాటుతుంది.

ఫారంలో "పేజీలు" అన్నచోట పంతొమ్మిది అని రాశాను. కారణం రాయమని కింద జాగా ఉంది. అది చాలక ఒక కాగితం జతచేశాను. మొత్తం ఇంతే:

"ట్వైలా బ్రాంట్ ఇరవయ్యో పేజీ రాసింది. నేను చదివాను, బాగుంది. దాన్ని ఎవరికోసం రాసిందో ఆ మనిషికి ఆ సంగతి నోటితో చెప్పడమే మంచిదని తెలుసుకుని, దాన్ని తీసేసింది. ఎందుకో నాకు తెలుసు, మీకు చెప్పను. రాత అంటే ఏమిటో ఈ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. ఆమెని పాస్ చేస్తున్నాను. మీరు కాదంటే ఆ తప్పు నా పేరు మీద రాయండి, పేజీలు కోయించింది నేను."

నాలుగూ యాభైకి నేనే పరుగెత్తి ఇచ్చొచ్చాను. ఇంకా జవాబు లేదు. పట్టాలిచ్చే ఉత్సవం ఇరవై ఒకటిన. ఆ పిల్ల మామూలుగానే పాలు పితుకుతోంది, నాకే అన్నం సహించడం లేదు.

నోరిస్

*

పోర్ట్ ఎన్స్‌లీ
మే 13

నా తమ్ముడికి,

నీ కాగితం ముక్కని పక్కింటి హిల్డా చేత బిగ్గరగా చదివించుకున్నాను, నా చెవికి ఎంత వినపడితే అంత. తర్వాత నేనే చదివాను. ఒక్కో వాక్యంలోనూ నువ్వున్నావు.

నేను నిన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. చిన్నప్పుడు అమ్మ మెచ్చుకునేది, అది చాల్లే అనుకున్నాను. ఇప్పుడు మెచ్చుకుంటున్నాను. ఆ పిల్లని చూస్తే నాకు అసూయగా కూడా ఉంది. ముప్పై నాలుగేళ్ళు మాటలు దిద్దాను, ఒక మనిషి గుట్టు కాపాడటానికి సొంత పేజీ చించుకోవాలని నాకైతే తోచేది కాదు.

కమిటీ ఏమన్నా ఒక కార్డు ముక్క రాయి. పెరట్లో రూబార్బ్, ఆ పుల్లటి ఎర్రకాడలు, మొలకెత్తాయి. మంచి కబురైతే వాటితో తియ్యటి పై వంటకం చేసి పంపుతాను, చెడ్డదైతే నేనే పట్టుకొస్తాను.

అక్క

*

హాల్వర్
జూన్ 5

అక్కా,

ఆ తియ్యటి పైని పోస్టులోనే పంపు.

మే పదిహేడున ఎలోయిస్ ప్రూట్ నా ఆఫీసుకొచ్చింది. చేతిలో ఫోల్డరు. కూర్చోమన్నా కూర్చోలేదు. "కారణం నాకు చెప్పొద్దు" అంది. "కమిటీలో రెండు గంటలు కొట్టుకున్నాం. ఒకాయన రూలు రూలే అన్నాడు. నేనన్నాను, అయ్యా, ఆ రూలు రాసిందే నేను. రాయనివాళ్ళు రాస్తారని పేజీలు పెట్టాం. రాసి చించేవాళ్ళు వస్తారని మాకు తెలుసా?" సంతకం పెట్టిన ఫారం బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పైయేడు శిక్షణలో మీ కాగితం చూపిస్తాను, ఒప్పుకుంటారా?" అంది. నేను ఒప్పుకున్నాను.

ట్వైలాకి చెప్తే ఏడ్చింది. తర్వాత, "సార్, నాలుగింటికి పాలు తియ్యాలి" అని వెళ్ళిపోయింది. ఉత్సవంలో ఆ నల్లగౌను వేసుకుని మెట్లెక్కుతుంటే వాళ్ళ బాబాయి వేసిన ఈలకి హాలంతా తిరిగి చూసింది.

టౌన్‌షిప్ బోర్డు ముగ్గురూ ఏడు పేజీలూ చదివారు. బోర్డు పెద్దాయన నాకు ఫోన్ చేసి, "ఇన్నేళ్ళకి ఇంజనీర్ల దగ్గర్నుంచి మాకర్థమయ్యే కాగితం ఒకటొచ్చిందయ్యా" అన్నాడు. కెండ్రిక్ రోడ్డు గుర్తొచ్చి నేను గట్టిగా నవ్వలేకపోయాను. బస్సు చుట్టుదారిన పోతోంది. స్తంభాలు మార్చడానికి తీర్మానం చేశారు. అప్పటిదాకా మూడు టన్నులు దాటకూడదని వంతెనకి రెండు వైపులా పలక పాతమన్నారు.

ఆ పలక పాతడం కౌంటీ ఆఫీసులో ట్వైలాకి మొదటి పని. నిన్న పొద్దున నేనూ వెళ్ళాను, కాళ్ళూరుకోక. పలక నిలబెట్టి మట్టి తొక్కుతున్నాం. అవతలి నుంచి బండి ఒకటి వచ్చింది, నిండా బరువుతో. ఎవరి బండో రాయను. దాని తీరు చూస్తే ఆ బరువుకి వంతెన ఆగదు. ట్వైలా పార వదిలేసి నిటారుగా నిలబడింది. నేను చెయ్యెత్తబోతే, "వద్దు సార్, ఆగండి" అంది.

బండి వంతెన ముందు ఆగింది. ఆయన దిగాడు. పలక వైపు చూడనైనా లేదు. గట్టు దిగి, వంగి, నాలుగో స్తంభాన్ని పిడికిలితో ఒకసారి కొట్టి విన్నాడు. పైకెక్కి ట్వైలాకి టోపీ తీసి, బండి ఎక్కాడు. ఆ ఇరుకు రోడ్డు మీద అంత బరువు బండిని వెనక్కి తిప్పడానికి ఆయనకి పది నిమిషాలు పట్టింది. తర్వాత పదకొండు మైళ్ళ చుట్టుదారిన వెళ్ళిపోయాడు.

నోరిస్